మంగలికత్తికి ఇంకో పేరు

స్ట్రెయిట్ రేజర్‌ని తెలుగులో ఏమంటారు? నిఘంటువు తియ్యక్కర్లేదు. మంగలికత్తి. ఇంకో పేరు చెప్పమంటే ఎవరమైనా తడుముకుంటాం. క్షురమనీ క్షురిక అనీ సంస్కృతంలోంచి అరువు తెచ్చుకోవచ్చు గానీ ఆ మాటలు పుస్తకం దాటి బయటికి రావు. పనిముట్టుకి కులం పేరు అంటుకోవడం మనకి కొత్తేం కాదు. అయితే కుమ్మరి సారెలోంచి కుమ్మరిని తీసేసినా సారె అనే మాట నిలబడుతుంది. మంగలికత్తిలోంచి మొదటి సగం తీసేస్తే మిగిలేది ఉత్త కత్తి. అది కూరగాయలు తరిగేదో కోడిని కోసేదో తెలీదు. వాడుక తెలుగులో ఈ వస్తువుకి కులం తప్ప వేరే ఆనవాలు లేదు.

ఈ సంగతి ఇప్పుడెందుకంటే, ఆ కత్తి మన చేతుల్లోకి వచ్చింది. మన అంటే హైదరాబాదులోనూ బెంగళూరులోనూ కూర్చుని కోడ్ రాసుకునే, శనివారం పొద్దున కొంచెం తీరిక దొరికే, ముప్పై దాటిన మగవాళ్లం. ఫిల్టర్ కాఫీ అయింది, ఫౌంటెన్ పెన్ను అయింది, ఎల్పీ రికార్డులు అయ్యాయి, ఇప్పుడు గడ్డం వంతు. జర్మనీ కత్తి, బ్యాడ్జర్ వెంట్రుకల బ్రష్, చందనం సబ్బు. వీటి చుట్టూ ఒక పరిభాష కూడా తయారైంది. "కోల్పోయిన కళ" అంటారు. "తాతల కాలం నాటి షేవింగ్" అంటారు. "మగవాడు తనతో తాను గడిపే పావుగంట" అంటారు. ఎక్కడా మంగలికత్తి అన్న మాట మాత్రం రాదు. స్ట్రెయిట్ రేజర్ అనే అంటారు.

నా గొడవ కత్తితో కాదు, ఈ మాటలతో. కత్తి బాగుంటుంది. రెండేళ్లుగా నేనూ దాంతోనే గీసుకుంటున్నాను.

ముందు తాతల సంగతి చూద్దాం. మాది పర్చూరు దగ్గర పల్లె. అప్పట్లో ప్రకాశం జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా. మా తాత ఏనాడూ ఈ కత్తి పట్టుకోలేదు. ఆయన తోటి రైతులూ పట్టుకోలేదు. వాళ్ల గడ్డాలు ఇంకొకాయన గీసేవాడు. చంకలో పొది పెట్టుకుని ఇంటింటికీ తిరిగి, పశువుల చావిట్లోనో వేపచెట్టు కిందో కూర్చోబెట్టి పని చేసేవాడు. పంట వచ్చాక కళ్లంలో గింజలు కొలిచి ఇచ్చేవాళ్లు. పదేళ్ల పిల్లాడు కూడా ఆయన్ని పేరు పెట్టి, నువ్వు అనే పిలిచేవాడు. "మన తాతల షేవింగ్" అంటే ఇదీ. అందులో మన తాత చేసిన పని గడ్డం పైకెత్తి కూర్చోవడం.

నల్లరేగడి మీద పొగాకూ పత్తీ మిరపా పెరిగేకొద్దీ ఆ గింజల లెక్క సాగలేదు. జొన్న అయితే కుంచంతో కొలిచి ఇవ్వొచ్చు, ఇంటికి పట్టుకెళ్లి వండుకోవచ్చు. పత్తిని ఏం కొలుస్తారు? మిరపకాయలు కళ్లంలో ఎండి, టిక్కీల్లోకి ఎక్కి, గుంటూరు యార్డుకి పోతాయి. డబ్బు అక్కడ చేతికొస్తుంది. క్షవరం కూడా డబ్బు లెక్కలోకి వచ్చింది, చావిట్లోంచి ఊరి సెంటర్లో బంకులోకి నడిచింది. అందులో కత్తి పట్టిన మనిషికి కొంత లాభం ఉంది. బంకు ముందుకి రావాల్సింది ఇప్పుడు ఊరివాళ్లు. కాసేపు ఆగాల్సింది కూడా వాళ్లే.

తన గడ్డం తాను గీసుకోవడం ఐరోపాలోనైనా అనాదిగా ఉన్న అలవాటేం కాదు. పారిస్‌లో కత్తులు చేసే జాన్-జాక్ పెరె 1769లో ఒక పుస్తకం వేశాడు. తన గడ్డం తాను గీసుకోవడం ఎలా నేర్చుకోవాలో చెప్పే కళ, అన్న అర్థం వచ్చే పేరు దానికి. అంటే అప్పటికి ఇది పుస్తకం రాసి నేర్పాల్సినంత కొత్త పని. ఆ తర్వాత షెఫీల్డ్, జోలింగెన్ ఊళ్లలో తయారైన కత్తులు దేశదేశాలకీ వెళ్లాయి. 1903లో జిలెట్ సేఫ్టీ రేజర్ అమ్మకానికి వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా ప్రభుత్వం దాన్ని సైనికుల చేతుల్లో పెట్టింది. మన పల్లెల్లో రైతు అద్దం ముందు నిలబడి తన గడ్డం తాను గీసుకోవడం మొదలుపెట్టింది ఆ సేఫ్టీ రేజర్ వారసులతోనే, మడతకత్తితో కాదు. ఇంగ్లిషువాడు మా తాత కత్తి అంటే నిజంగానే పెట్టెలో తాత కత్తి ఉండొచ్చు. మనలో చాలామంది ఆ మాట అనడం మాత్రం వాడి జ్ఞాపకాన్ని దిగుమతి చేసుకుని మన ఇంటిపేరు తగిలించుకోవడమే.

ఇక "కోల్పోయిన కళ". ఎవరు కోల్పోయారు? ఎందుకు? ఈ ప్రశ్నలు అడిగితే కథ మారిపోతుంది.

మన దేశంలో హెచ్‌ఐవీ మొదట బయటపడింది 1986లో, మద్రాసులో. తర్వాతి ఇరవై ఏళ్లలో ఆంధ్రప్రదేశ్ ఆ వ్యాధి ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఒకటైంది. నా వయసు వాళ్లకి "పులిరాజాకి ఎయిడ్స్ వస్తుందా?" అని అడిగే హోర్డింగులు గుర్తుండే ఉంటాయి. రక్తం అంటేనే జనం బెదిరిన రోజులవి. ఒకే కత్తితో పదిమందికి గీయడం గురించి హెచ్చరికలు మొదలయ్యాయి. సెలూన్లు సగం బ్లేడుకి మారిపోయాయి. బ్లేడుని కాగితంలో ఉండగానే మధ్యకి విరిచి, ఒక సగం పిడిలో బిగించి, మన కళ్ల ముందే పాతది పారేసి చూపించడం అప్పుడు వచ్చిన మర్యాద. ఇవాళ ఏ ఊరి సెలూన్లో చూసినా అదే.

అది సరైన పని. దాన్ని తప్పుపట్టేవాడు మూర్ఖుడు. కానీ దానివల్ల ఏం పోయిందో కూడా చూడాలి. సానరాయి మీద అంచు తీయడం, తోలు మీద దాన్ని నిలబెట్టడం, ఏ ముఖానికి ఎంత పదును కావాలో వేలితో తాకి చెప్పడం. తరాలుగా చేతుల్లో పేరుకున్న ఆ నైపుణ్యాన్ని వాళ్లు పదీపదిహేనేళ్లలో పక్కన పెట్టేశారు, మన ఆరోగ్యం కోసం. దాని మీద ఎవరూ ఎలిజీ రాయలేదు. చేనేత మగ్గం ఆగితే కవిత వస్తుంది, కుండ పగిలితే కవిత వస్తుంది. ఈ కత్తి మూతపడితే ఎవరికీ ఏమీ అనిపించలేదు. ఇప్పుడు మనం కొరియర్లో ఒకటి తెప్పించుకుని "కోల్పోయిన కళ" అంటున్నాం. కోల్పోయినవాడు నాలుగు వీధుల అవతలే ఉన్నాడు. అతన్ని ఎవరూ అడగలేదు.

ఆ నైపుణ్యం ఎంతటిదో తెలియాలంటే ఒక నెల ఈ కత్తి పట్టాలి. అందుకే కొత్తగా మొదలుపెడదామనుకునేవాళ్లని నేను ఆపను. రండి, పట్టండి. ముందు వేడినీళ్ల తువ్వాలుతో గడ్డాన్ని మెత్తబరచాలి. నురుగు చిక్కగా ఉండాలి. గుంటూరు మే నెలలో అయితే ఒక బుగ్గ పూర్తయ్యేలోపు రెండో బుగ్గ మీద ఆరిపోతుంది, మళ్లీ పుయ్యాలి. ఖాళీగా ఉన్న చేత్తో చర్మాన్ని బిగువుగా లాగాలి. సగం పని ఆ చేతిదే. కత్తి చర్మానికి సుమారు 30 డిగ్రీల వాలులో ఉండాలి. అంతకంటే పడుకోబెడితే వెంట్రుకని పీకుతుంది, నిలబెడితే చర్మాన్ని కోస్తుంది. మొదటి రెండు వారాలూ బుగ్గలు మాత్రమే గియ్యండి, వెంట్రుక వాలున మాత్రమే. గదవ, పైపెదవి, కంఠం తర్వాత. కత్తిని పక్కకి జరపొద్దు. పక్కకి జరిపితే అది గీయడం మానేసి కోయడం మొదలుపెడుతుంది. అయ్యాక చన్నీళ్లు, పటిక. కత్తిని పూర్తిగా తుడిచి రెండు చుక్కల నూనె రాయకపోతే వానాకాలంలో వారానికే తుప్పు.

వీటన్నిటికంటే కష్టమైంది తోలు. గీసే ప్రతిసారీ ముందు తోలుపట్టీ మీద కత్తిని పాతికముప్పై సార్లు అటూ ఇటూ నడపాలి. అది చెడితే మిగతాదంతా చెడుతుంది. నాకు దాన్ని నేర్పింది వీడియోలు కాదు. మా ఊరి సెంటర్లో నలభై ఏళ్లు సెలూన్ నడిపి మానేసిన పెద్దాయన.

"బాబాయ్, కత్తి నూరడం నేర్పుతారా?" అని అడిగితే ఆయన ముందు నమ్మలేదు. "ఉద్యోగం పోయిందా బాబూ?" అన్నాడు. తర్వాత నా జర్మనీ కత్తి తీసుకుని, వెలుతురుకి ఎదురుగా పెట్టి అంచు చూసి, "దీన్ని ఇప్పటికే పాడు చేసి అమ్మారు" అన్నాడు. "వెన్ను ముందు నడవాల, అంచు వెనకమాల రావాల. అంచు ముందుకి తోశావంటే తోలు తెగిద్ది. తిప్పేటప్పుడు వెన్ను మీదే తిప్పు, ఎత్తమాక." మూడు వాక్యాలు. అవి చేతికి రావడానికి నాకు ఆరు ఆదివారాలు పట్టింది. రోజుకింతని డబ్బులిస్తే ఆయన కాసేపు చేత్తో పట్టుకుని ఉండిపోయి, "గీసినందుకు ఇచ్చారు గానీ చెప్పినందుకు ఎవరూ ఇవ్వలా" అన్నాడు. వాళ్లబ్బాయి ఒంగోల్లో డిప్లొమా చేసి ఉద్యోగంలో ఉన్నాడు. "వాడికి కత్తి ముట్టనియ్యలేదు బాబూ" అన్నప్పుడు ఆయన గొంతులో బాధేం లేదు. గర్వమే ఉంది.

నా వాదనంతా ఆ రెండు మాటల మధ్యే ఉంది. నేను నేర్చుకుంటే అది అభిరుచి. వాళ్లబ్బాయి నేర్చుకుంటే అది కులం. నేను కత్తి పట్టి ఫొటో పెడితే "భలే" అంటారు. అతను పడితే అతని చిన్నప్పటి క్లాస్‌మేట్లు ఏమంటారో ఇక్కడ రాయలేను. రాయకూడదు కూడా. నాయీబ్రాహ్మణులని కించపరిచే మాటల్ని నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2023లో ఉత్తర్వు ఇవ్వాల్సి వచ్చింది. ఒక వృత్తివాళ్ల పేరే తిట్టుగా మారిపోయి, దాన్ని ఆపడానికి ప్రభుత్వం ఉత్తర్వు తేవాల్సిన స్థితిలో ఉన్న భాష మనది. పనిముట్టు పేరుని చర్చించడానికి తప్ప ఆ మాటని నేనూ ఇక్కడ వాడటం లేదు. నైపుణ్యం అతని చేతి నుంచి నా చేతికి వచ్చింది, దాంతోపాటు వెల పెరిగింది, పేరు మారింది. అవమానం మాత్రం కత్తితో పాటు రాలేదు. అది అక్కడే, అతని దగ్గరే ఉండిపోయింది.

వెల అన్నాను కాబట్టి లెక్క చెబుతాను. కత్తికీ తోలుకీ రాయికీ బ్రష్షుకీ కలిపి నేను పెట్టింది 12,000 రూపాయల చిల్లర. 2020లో మొదలైన జగనన్న చేదోడు పథకంలో షాపున్న నాయీబ్రాహ్మణుడికీ, రజకుడికీ, దర్జీకీ ఏడాదికి ఇచ్చింది 10,000. ఒక మనిషి బతుకుతెరువుకి ఏడాది చేయూత కంటే నా శనివారం సరదా ఖరీదెక్కువ. ఇందులో చట్టవిరుద్ధం ఏమీ లేదు. నా డబ్బు, నా గడ్డం. కానీ దీన్ని నిరాడంబరత అనీ, పొదుపు అనీ, మూలాల్లోకి తిరిగి వెళ్లడం అనీ అనకండి. నవ్వొస్తుంది.

మనకో సామెత ఉంది, పనిలేని మంగలి పిల్లి తల గొరిగాడని. చిన్నప్పుడు తెలుగు వాచకం చదివిన ప్రతివాడికీ తెలుసు. ఇప్పుడు ఆలోచించండి. పనిలేక గొరిగేది ఎవరు? సెంటర్లో పొద్దున్నించీ నిలబడి కాళ్లు వాచిపోయే మనిషా, శనివారం పూట యాభై నిమిషాలు పెట్టి ఒక్క గడ్డం గీసుకునే నేనా? సామెత సరైనదే అనుకుంటే అందులో కర్తని మార్చాలి.

రెండు వైపుల నుంచి అభ్యంతరాలు వస్తాయని తెలుసు. మొదటిది: "గడ్డం గీసుకోవడంలోకి కూడా కులాన్ని లాగాలా?" నేను లాగలేదు. భాషలో ఉంది. నాలుక మీదికి వచ్చిన తెలుగు మాటని మింగేసి ఇంగ్లిషు మాట ఎందుకు వాడుతున్నామో ఒక్కసారి మనల్ని మనం అడిగితే చాలు. స్ట్రెయిట్ రేజర్ అనే మాట అందమైందని కాదు. అది మనల్ని ఆ చావిడి నుంచి, ఆ పొది నుంచి, ఆ నువ్వు అనే పిలుపు నుంచి దూరంగా నిలబెడుతుందని.

రెండోది ఇంకా గట్టిది, నేను గౌరవించే వైపు నుంచి వచ్చేది. "కులవృత్తి పోవాల్సిందే. పోతున్నదాన్ని కళ అని ఎందుకు పొగుడుతున్నావు? నీ పొగడ్తతో మళ్లీ వాళ్లని అక్కడే కట్టేస్తావా?" నిజమే, కట్టెయ్యకూడదు. ఆ పెద్దాయన కొడుకుకి కత్తి ముట్టనియ్యకపోవడం నూటికి నూరుపాళ్లు సబబు. కానీ వృత్తి నుంచి మనిషిని విడిపించడం ఒకటి, ఆ మనిషికి తెలిసినదాన్ని విద్యే కాదనడం ఇంకొకటి. ఇంగ్లండులో 1540లో క్షురకులనీ సర్జన్లనీ ఒకే సంఘంలో కలిపారు. 1745లో సర్జన్లు విడిపోయి తమ దారి చూసుకున్నారు. అక్కడి సర్జన్లని ఇప్పటికీ డాక్టర్ అనకుండా మిస్టర్ అని పిలవడం ఆ పాత రోజుల గుర్తే. అది వాళ్లకి చిన్నతనం కాదు, గర్వం. మన దగ్గర సెగ్గడ్డ కోసిన చెయ్యీ కత్తి పట్టిన చెయ్యీ ఒకటే. కాన్పు చేసిన మంత్రసాని చాలా ఊళ్లలో ఆ ఇంటి మనిషే. పెళ్లిలో సన్నాయి వాయించిందీ ఆ ఇంటివాళ్లే. థర్స్టన్ 1909లో అచ్చువేసిన దక్షిణాది కులాల సంపుటాల్లో వాళ్లని క్షురకులుగానే కాదు, వాద్యకారులుగానూ నమోదు చేశాడు. వైద్యం ఆసుపత్రికి వెళ్లింది, సంగీతం సభకి వెళ్లింది. మూలపురుషుడు ధన్వంతరి అని చెప్పుకునేవాళ్ల దగ్గర చివరికి మిగిలింది దువ్వెనా కత్తెరా, ఒక తిట్టూ.

ఈ విద్యని విద్యగా గుర్తించినవాళ్లు లేకపోలేదు. కంచ ఐలయ్య 2009లో వచ్చిన "పోస్ట్-హిందూ ఇండియా"లో వీళ్లని సామాజిక వైద్యులుగా చూపిస్తూ ఒక అధ్యాయమే రాశాడు. అంతకు ముందే 2007లో, శ్రమగౌరవం గురించి పిల్లల కోసం చేసిన "టర్నింగ్ ద పాట్, టిల్లింగ్ ద ల్యాండ్"లోనూ వీళ్లకి చోటిచ్చాడు. ఆయన వాదనలన్నిటితో ఏకీభవించక్కర్లేదు. కానీ పని దగ్గర జ్ఞానం ఉంటుంది అన్న ఆ ఒక్క మాట దగ్గర మనం ఇంకా ఆగిపోయే ఉన్నాం.

సాహిత్యంలోకి వస్తే, కొలంబియా రచయిత ఎర్నాందో తేయెస్ రాసిన ఒక కథ 1950లో వచ్చింది. విప్లవకారుల పక్షాన ఉన్న ఒక క్షురకుడి కుర్చీలో వాళ్లని వేటాడే సైనికాధికారి వచ్చి కూర్చుంటాడు. కత్తి కంఠం మీద ఉంది. చంపాలా వద్దా? కథంతా ఆ క్షురకుడి తలలోనే నడుస్తుంది. మామూలుగా ఈ కథని విప్లవం గురించీ ధైర్యం గురించీ చదువుతారు. కత్తి పట్టాక నాకు దాంట్లో ఇంకోటి కనపడింది. అతను నురుగు గురించి, వెంట్రుక వాలు గురించి, ఒక్క రక్తపుచుక్క కూడా రాకూడదన్న తన పట్టింపు గురించి ఆలోచిస్తూ ఉంటాడు. ఆ పనితనమే అతని నీతి. నేను చదివిన తెలుగు కథల్లో క్షురకుడు ఊరి కబుర్లు మోసుకొచ్చే నవ్వుల పాత్రగానే ఎక్కువ కనపడ్డాడు. అతని తలలోకి వెళ్లి, చేతి వేళ్ల వరకూ వచ్చిన కథలు నాకు తగిలినవి బహు తక్కువ. ఊరంతా రోజూ కంఠం అప్పగించి కళ్లు మూసుకున్న మనిషి గురించి మన సాహిత్యానికి కుతూహలం లేకపోవడం మామూలు విషయం కాదు.

కాబట్టి కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నా సలహా, వీడియోల్లో దొరకనిది. ఆరు వేలు పెట్టి కత్తి కొనేముందు దగ్గర్లో పాత సెలూన్ ఎక్కడుందో వెతకండి. యాభై దాటిన మనిషి ఎవరైనా ఉంటే, ఒకప్పుడు మడతకత్తి వాడారా అని అడగండి. మీరు అనండి, నువ్వు అనకండి. నేర్పమని అడగండి. యోగా మాస్టారికో గిటార్ టీచర్‌కో ఎంత ఇస్తారో అంత ఇవ్వండి, తగ్గించొద్దు. నేర్పనంటే దండం పెట్టి వచ్చెయ్యండి. ఆ కత్తిని మర్చిపోయే హక్కు ఆయనకుంది. ఎవరైనా మీ చేతిలో కత్తి చూసి ఇదెక్కడిది అంటే షెఫీల్డ్, జోలింగెన్ అని మొదలుపెట్టకుండా, ఎవరి దగ్గర నేర్చుకున్నారో ఆయన పేరు, చివర గారు పెట్టి చెప్పండి.

వస్తువుకి కొత్త పేరు కావాలంటే అదీ ఆలోచిద్దాం. మడతకత్తి అనొచ్చు, గడ్డం కత్తి అనొచ్చు. కులం పేరు పోవాల్సిందే, అందులో నాకు సందేహం లేదు. కానీ ముందు తిట్టు పోవాలి, తర్వాత పేరు పోవాలి. తిట్టుని అతనికి వదిలేసి, పేరు మాత్రం మార్చుకుని, కత్తి పట్టుకుని మనం బాత్రూం తలుపేసుకుంటే, నున్నగా గీసినట్టు కనపడుతుందేమో గానీ చెయ్యి పెడితే గరుకు తగులుతుంది.